లాటినో గుర్తింపు, భాష, సంస్కృతి: కమ్యూనికేషన్ పరిశోధకులు తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో కమ్యూనికేషన్, జర్నలిజం, ప్రజారోగ్యం చదివే తెలుగు విద్యార్థులకు ఎప్పుడో ఒకప్పుడు లాటినో సమాజాల మీద సర్వేనో ఇంటర్వ్యూల ప్రాజెక్టో ఎదురవుతుంది. అలాంటివాళ్ల కోసం ఈ పేజీ. ఒక మనిషి తనను తాను ఏమని చెప్పుకుంటాడు, ఏ భాష మాట్లాడతాడు, ఏ పద్ధతుల్లో బతుకుతాడు అన్నవి మూడు వేర్వేరు ప్రశ్నలు. ఒకదానికి జవాబు దొరికింది కదా అని మిగతా రెండూ ఊహించుకుంటే పరిశోధన అక్కడే చెడుతుంది. కింద చెప్పిన పొరపాట్లలో చాలావాటికి మూలం అదే.

హిస్పానిక్, లాటినో: రెండూ ఒకటేనా?

వాడుకలో ఒకటే, నిర్వచనంలో కాదు. హిస్పానిక్ అంటే స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్నవాళ్లు. స్పెయిన్ ఇందులోకి వస్తుంది, పోర్చుగీసు మాట్లాడే బ్రెజిల్ రాదు. లాటినో అంటే లాటిన్ అమెరికా మూలాలున్నవాళ్లు. ఈ లెక్కన బ్రెజిల్ లోపల, స్పెయిన్ బయట. ప్రభుత్వ పత్రాల్లో మాత్రం 1997 నుంచి 'హిస్పానిక్ లేదా లాటినో' అని రెండూ కలిపే రాస్తున్నారు.

చాలామంది ఈ రెండు మాటల కంటే ముందు తమ కుటుంబం ఏ దేశం నుంచి వచ్చిందో చెబుతారు: మెక్సికన్, డొమినికన్, సాల్వడోరన్ అని. చికానో (మెక్సికో మూలాలు), బోరిక్వా (ప్యూర్టోరికో మూలాలు), తెహానో (టెక్సస్ మెక్సికన్), న్యూయోరికన్ (న్యూయార్క్ ప్యూర్టోరికన్) లాంటి మాటల్లో ప్రాంతం, రాజకీయం, తరం అన్నీ కలిసి ఉంటాయి. మెక్సికో మూలాలున్న ప్రతి ఒక్కరూ చికానో అనిపించుకోవడానికి ఒప్పుకోరు. కాబట్టి మీ ప్రశ్నావళిలో 'మిమ్మల్ని మీరు ఏమని చెప్పుకుంటారు?' అని అడిగి ఖాళీ గీత వదలండి. వర్గాలుగా కలపడం తర్వాత మీరు చేసుకోవచ్చు. మొదటే కలిపి అడిగితే ఆ తర్వాత విడదీయలేరు.

లాటినో అనేది ఒక జాతా?

రేస్ అంటే తెలుపు, నలుపు లాంటి వర్గం. ఎథ్నిసిటీ అంటే మూలాలను, సంస్కృతిని బట్టి చెప్పే గుంపు. తెలుగులో రేస్‌నీ ఎథ్నిసిటీనీ దేశాన్నీ కూడా 'జాతి' అనే ఒక్క మాటతో సరిపెడతాం. అందుకే ఈ ప్రశ్న మనకు మరింత తికమకగా ఉంటుంది. అమెరికా ప్రభుత్వం దశాబ్దాలుగా చెబుతున్నదేమిటంటే, హిస్పానిక్ అనేది ఎథ్నిసిటీ, వాళ్లు ఏ రేస్‌వాళ్లయినా కావచ్చు అని. కానీ 1930 జనగణనలో 'మెక్సికన్'ను రేస్ గడిలోనే పెట్టారు, 1940లో తీసేశారు. 1970లో ఈ మూలాల ప్రశ్నను జనాభాలో 5 శాతం మందికి పంపిన ఫారంలో మాత్రమే అడిగారు. అందులో 'సెంట్రల్ లేదా సౌత్ అమెరికన్' అనే గడి ఉంది. అమెరికా మధ్య రాష్ట్రాల్లో, దక్షిణ రాష్ట్రాల్లో ఉంటున్నవాళ్లు కొందరు అది తమ గురించేననుకుని టిక్ పెట్టేశారు! ప్రశ్న రాసినవాడి తలలో ఉన్న అర్థం చదివేవాడికి అందుతుందన్న నమ్మకం లేదని చెప్పడానికి ఇంతకంటే మంచి పాఠం దొరకదు. 1976లో స్పానిష్ మూలాలవాళ్ల గణాంకాలు విడిగా సేకరించాలని అమెరికా కాంగ్రెస్ చట్టం చేసింది, 1980 నుంచి ఈ ప్రశ్న అందరినీ అడుగుతున్నారు.

2020లో 6.21 కోట్ల మంది, అంటే జనాభాలో 18.7 శాతం, తాము హిస్పానిక్ లేదా లాటినో అన్నారు. వీళ్లలో సుమారు 58 శాతం మెక్సికో మూలాలవాళ్లు.

2024 మార్చిలో నిబంధన మారింది. దాని ప్రకారం ఫెడరల్ ఫారాల్లో రేస్, ఎథ్నిసిటీ రెండూ ఒకే ప్రశ్నలో ఉంటాయి. 'హిస్పానిక్ లేదా లాటినో' అందులో ఒక గడి, ఎన్ని గడులైనా టిక్ చేయవచ్చు. పాత రెండు ప్రశ్నల డేటానూ కొత్త ఒక ప్రశ్న డేటానూ పక్కపక్కన పెట్టి 'ఇంత మారిపోయారు' అని రాయకండి.

2010తో పోలిస్తే 2020లో 'తెల్లవాళ్లం' అన్న లాటినోలు సగానికి పైగా తగ్గారు. అంతమంది మనసు మార్చుకున్నారా?

లేదు, అంత తేలిక కాదు. 2010లో 53 శాతం మంది రేస్ ప్రశ్నకు తెలుపు అని మాత్రమే చెప్పినట్టు లెక్క తేలింది. 2020లో అది 20.3 శాతానికి పడిపోయింది. ఈ మధ్యలో ఫారమే మారింది. తెలుపు, నలుపు గడుల కింద కూడా మూలాలు రాయడానికి గీతలు ఇచ్చారు. గతంలో రాసిన జవాబులో మొదటి 30 అక్షరాలే కంప్యూటర్‌లోకి ఎక్కేవి, ఈసారి 200 వరకు ఎక్కించారు. కాబట్టి తెలుపు గడి టిక్ చేసి పక్కన 'మెక్సికన్' అని రాసిన వ్యక్తి ఒక్కసారిగా 'రెండు లేదా అంతకు మించిన రేస్‌లు' వర్గంలోకి వెళ్లిపోయాడు. గుర్తింపులో నిజమైన మార్పు అసలు లేదని కాదు. ఉన్నది ఎంతో ఈ అంకె నుంచి తీయలేమని.

బ్రెజిల్‌వాళ్లను ఏం చేయాలి?

సాధారణంగా ఎవరైనా హిస్పానిక్ ప్రశ్నలో 'బ్రెజిలియన్' అని రాస్తే, జనగణన సంస్థ తర్వాత ఆ జవాబును 'హిస్పానిక్ కాదు' అని మార్చేస్తుంది. ఆ సంస్థ ఏటా చేసే నమూనా సర్వే అయిన అమెరికన్ కమ్యూనిటీ సర్వేలో, 2020లో పొరపాటున ఆ మార్పు జరగలేదు. ఫలితంగా 2019లో సుమారు 14,000గా ఉన్న 'హిస్పానిక్ బ్రెజిలియన్లు' 2020లో కనీసం 4,16,000 అయ్యారు. అమెరికాలోని బ్రెజిలియన్లలో ఇది మూడింట రెండు వంతులకు పైనే. అంటే వాళ్లు తమను లాటినోలుగానే చెప్పుకుంటున్నారు, ఆఫీసు చెరిపేస్తోంది. మీ అధ్యయనంలో వాళ్లను చేర్చుకోవాలో వద్దో మీ ఇష్టం. ఏది చేసినా పద్ధతుల విభాగంలో ఒక వాక్యం రాయండి.

'లాటినెక్స్' అని రాయాలా?

ప్యూ రీసెర్చ్ సెంటర్ అనే సర్వే సంస్థ 2019లో అడిగినప్పుడు ఆ మాట విన్న లాటినో పెద్దలు 23 శాతం, తమకు వాడుకునేవాళ్లు 3 శాతం. 2023లో విన్నవాళ్లు 47 శాతానికి పెరిగారు, వాడేవాళ్లు 4 శాతం దగ్గరే ఆగారు. పుంలింగం 'లాటినో', స్త్రీలింగం 'లాటినా' రెండిటినీ దాటాలన్న ఉద్దేశం అర్థమయ్యేదే. కానీ చివర ఎక్స్ అక్షరం స్పానిష్ నోట తిరగదు. అందుకే కొందరు 'లాటినే' అంటారు. మా అభిప్రాయం: ఇంటర్వ్యూ ఇచ్చిన మనిషి తన గురించి ఏ మాట వాడితే ఆ మనిషికి అదే వాడండి. గుంపు గురించి రాసేటప్పుడు ఒక మాట ఎంచుకుని, ఎందుకో చెప్పి, చివరిదాకా దాన్నే వాడండి.

స్పానిష్ రాకపోతే లాటినో కానట్టేనా?

కాదు. 2022లో ప్యూ అడిగితే 78 శాతం మంది లాటినో పెద్దలు లాటినో అనిపించుకోవడానికి స్పానిష్ అవసరం లేదన్నారు. 24 శాతం మందికి స్పానిష్‌లో సంభాషణ కొద్దిగానే వచ్చు, లేదా అసలే రాదు. మూడో తరం, ఆ తర్వాతివాళ్లలో అది 65 శాతం. అయినా స్పానిష్ రాని లాటినోల్లో సగానికి పైగా తోటి లాటినోల ఎత్తిపొడుపులు పడ్డామని చెప్పారు.

స్పానిష్‌లో మాత్రమే సర్వే చేస్తే కొత్తగా వచ్చినవాళ్లు ఎక్కువగా దొరుకుతారు. ఇంగ్లిష్‌లో మాత్రమే చేస్తే అక్కడే పుట్టి పెరిగినవాళ్లు. రెండిట్లోనూ 'లాటినోలు ఇలా అన్నారు' అనే శీర్షిక పెడితే రెండూ తప్పే. రెండు భాషల్లోనూ ఫారం సిద్ధం చేసి, ఏ భాషలో చేయాలో ఆ వ్యక్తినే ఎంచుకోనివ్వండి. ఏది ఎంచుకున్నారో విడిగా నమోదు చేయండి. విశ్లేషణలో అది పనికొచ్చే సమాచారం.

అనువాదానికి ఏ స్పానిష్ వాడాలి?

మీ జవాబుదారులు ఏ దేశాలవాళ్లో ముందు చూడండి. బస్సును క్యూబా, ప్యూర్టోరికో, డొమినికన్ రిపబ్లిక్‌లలో 'గ్వాగ్వా' అంటారు. చిలీలో ఆ మాటకు పసిబిడ్డ అని అర్థం. మెక్సికోలో బస్సు 'కమియోన్'. 'కొహెర్' అనే క్రియకు కరీబియన్‌లో, స్పెయిన్‌లో పట్టుకోవడం, ఎక్కడం అని అర్థం. మెక్సికోలో, అర్జెంటీనాలో అది బూతు. 'అహోరీతా' మెక్సికోలో 'ఇదిగో ఇప్పుడే'కి దగ్గర, ప్యూర్టోరికోలో 'తర్వాత'.

ఇది నవ్వుకోవడానికి మాత్రమే కాదు. 1980లో ఫ్లోరిడాలో స్పృహ తప్పిన 18 ఏళ్ల కుర్రాడిని ఆసుపత్రికి తెస్తే, క్యూబన్ కుటుంబం 'ఇంతోక్సికాదో' అన్నది. తిన్నదో తాగిందో పడక ఒంట్లో బాగా లేదని వాళ్ల ఉద్దేశం. వైద్యులు దాన్ని 'ఇంటాక్సికేటెడ్' (మత్తులో ఉన్నాడు) అనే ఇంగ్లిష్ మాటలా విని మత్తుమందు ఎక్కువైందనుకున్నారు. నిజానికి మెదడులో రక్తస్రావం జరుగుతోంది. కాళ్లూ చేతులూ పడిపోయాయి, పరిహారం ఒప్పందం సుమారు 7.1 కోట్ల డాలర్లకు చేరింది. వృత్తి దుబాసీ ఎవరూ లేకపోవడం ఒక కారణం. రెండు భాషల్లో ఒకేలా వినిపించే మాటకు అర్థం తెలుసుననుకోవడం రెండో కారణం.

ప్రశ్నావళిని ఎలా అనువదించాలి? తిరుగు అనువాదం చాలదా?

1970లో రిచర్డ్ బ్రిస్లిన్ ప్రచారంలోకి తెచ్చిన తిరుగు అనువాదం (స్పానిష్ చేసినదాన్ని మరొకరితో మళ్లీ ఇంగ్లిష్ చేయించి పోల్చడం) ఇప్పటికీ అందరూ వాడేదే. కానీ దానికి ఒక గుడ్డి మచ్చ ఉంది. దగ్గరగా చూద్దాం.

'మీ ఆరోగ్యం ఎలా ఉంది?' అనే ప్రశ్నకు ఇంగ్లిష్‌లో ఐదు జవాబులు: ఎక్సలెంట్, వెరీ గుడ్, గుడ్, ఫెయిర్, పూర్. నాలుగోదైన 'ఫెయిర్' అంటే అంత బాగా లేదని. స్పానిష్‌లో దాన్ని 'రెగులర్' అని పెడతారు. తిరుగు అనువాదకుడు 'రెగులర్'ను చక్కగా 'ఫెయిర్' అని తెస్తాడు, అంతా సరిపోయిందని సంతకం పడుతుంది. కానీ చదివే చాలామందికి 'రెగులర్' అంటే మామూలుగానే ఉంది, ఫరవాలేదు అని. దాంతో స్పానిష్‌లో జవాబిచ్చినవాళ్ల ఆరోగ్యం నిజంగా ఉన్నదానికంటే కాగితం మీద అధ్వాన్నంగా కనిపిస్తుంది. తేడా ఒంట్లో లేదు, మాటలో ఉంది. ఆ స్థానంలో 'మాస్ ఓ మేనోస్' లాంటి మాట పరీక్షించి చూడటం మేలు.

అందుకని ఇప్పుడు బృందంగా అనువదించే పద్ధతిని ఎక్కువగా సిఫారసు చేస్తున్నారు. ఇద్దరు అనువాదకులు విడివిడిగా చేస్తారు. వాళ్లు వేర్వేరు దేశాల స్పానిష్ తెలిసినవాళ్లయితే మరీ మంచిది. తర్వాత సర్వే రూపకల్పన తెలిసిన మూడో మనిషితో కూర్చుని ప్రతి వాక్యం మీద వాదించుకుంటారు. తేలనిచోట ఒకరు తీర్పు చెబుతారు. ఆ పాఠాన్ని జవాబుదారుల మీద పరీక్షిస్తారు. ప్రతి నిర్ణయానికీ కారణం రాసిపెడతారు. పరీక్షకు ప్రతి దేశ మూలం నుంచి కనీసం ఐదారుగురిని కూర్చోబెట్టి, 'ఈ ప్రశ్న మీకేం అర్థమైంది? మీ మాటల్లో చెప్పండి' అని అడగాలి. ఈ మెట్టు దాటేసినవాళ్లే తర్వాత ఎక్కువ ఏడుస్తారు.

ఆఖరున ఫారాన్ని సర్వే సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించాక తెర మీద మళ్లీ చదవండి. స్పానిష్‌లో 'ఎన్' అక్షరం మీద అలలాంటి గుర్తు ఉంటేనే 'ఆన్యోస్', సంవత్సరాలు. ఫాంట్ ఆ గుర్తును మింగేస్తే 'మీ వయసెంత?' అన్న ప్రశ్న 'మీకు ఎన్ని మలద్వారాలు ఉన్నాయి?' అయి కూర్చుంటుంది. సగం యంత్రం అనువదించిన మందు చీటీల్లో ఇంకో ప్రమాదం: 'ఒకసారి' అని చెప్పే ఇంగ్లిష్ 'వన్స్' అలాగే మిగిలిపోతే, అవే అక్షరాలు స్పానిష్‌లో 'ఓన్సే', పదకొండు. ఇక స్పానిష్ పాఠం ఇంగ్లిష్ కంటే సుమారు ఐదో వంతు పొడుగవుతుంది. బటన్ల మీద, గడుల్లో చోటు ముందే వదలండి.

'తూ' అనాలా, 'ఉస్తేద్' అనాలా?

'నువ్వు', 'మీరు' మధ్య పెరిగినవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. అపరిచితులకు, పెద్దలకు, సర్వే ఫారానికి 'ఉస్తేద్'. అవతలివాళ్లే 'తూ'లోకి దిగితే అప్పుడు మీరూ దిగవచ్చు. రెండు తేడాలు గుర్తుంచుకోండి. సాల్వడోర్, నికరాగువా, అర్జెంటీనా లాంటి చోట్ల దగ్గరివాళ్లను 'వోస్' అంటారు, దాని క్రియారూపాలు వేరు. కొలంబియాలోని బొగొటా వైపు ఇంట్లోవాళ్లను కూడా 'ఉస్తేద్' అంటారు, కాబట్టి అది వినగానే దూరం పెడుతున్నారని రాసేయకండి.

స్పాంగ్లిష్ (స్పానిష్, ఇంగ్లిష్ కలిపి మాట్లాడటం) రెండు భాషలూ సరిగా రానివాళ్లు మాట్లాడేదేనా?

దీనికి ఉల్టా. భాషావేత్త శానా పాప్లాక్ 1980లో న్యూయార్క్ ఈస్ట్ హార్లెంలోని 20 మంది ప్యూర్టోరికన్ల మాటలను విశ్లేషించి చూపిందేమిటంటే, వాక్యం మధ్యలో భాష మార్చేది రెండు భాషల మీదా పట్టున్నవాళ్లే ఎక్కువ. పట్టు తక్కువైనవాళ్లు వాక్యం చివర ఒక ఊతపదం తగిలించి ఊరుకుంటారు. మార్పుకు కట్టుబాట్లు కూడా ఉన్నాయి. ఇంగ్లిష్ 'ఈట్'కు స్పానిష్ ప్రత్యయం అతికించి 'ఈటియెందో' అనరు. విశేషణం ఇంగ్లిష్‌లో నామవాచకానికి ముందు, స్పానిష్‌లో సాధారణంగా తర్వాత వస్తుంది కాబట్టి ఆ రెంటి మధ్య భాష మారడం అరుదు. తర్వాతి పరిశోధనల్లో వీటికి మినహాయింపులు దొరికాయి గానీ, ఇది గజిబిజి కాదన్న మాట నిలబడింది. 'పార్కెయార్' లాంటివి భాష మార్చడం కూడా కాదు, ఎరువు మాటలు. మనం 'పార్క్ చేశాను' అన్నట్టే.

ఇంటర్వ్యూను కాగితం మీద పెట్టేటప్పుడు ఏ మాట ఏ భాషలో వచ్చిందో అలాగే రాయండి. ముందు మూలం రాసి, అనువాదం పక్క వరసలో పెట్టండి. టేపు వింటూ నేరుగా ఇంగ్లిష్‌లోకి టైపు చేస్తే, మనిషి ఎక్కడ స్పానిష్‌లోకి తిరిగాడన్నది శాశ్వతంగా పోతుంది. తల్లి మాటను చెప్పేటప్పుడు, కోపం వచ్చినప్పుడు, లెక్కలు చెప్పేటప్పుడు భాష మారడం చాలాసార్లు మీరు వెతికే సమాచారమే. గంట రికార్డింగుకు రాయడానికి 4 నుంచి 6 గంటలు, అనువాదానికి దాదాపు అంతే సమయం వేసుకోండి.

అకల్చరేషన్ (కొత్త సంస్కృతికి అలవాటు పడటం) కొలమానాల్లో ఏది మంచిది?

జెరార్డో మరీన్ బృందం 1987లో తయారుచేసినది చిన్నది: 12 ప్రశ్నలు, 1 నుంచి 5 మార్కులు, సగటు 2.99 దాటితే అమెరికా సంస్కృతి వైపు ఎక్కువ అలవాటు పడినట్టు లెక్క. అందులో ఐదు భాష గురించి, మూడు టీవీ, రేడియోల గురించి, మిగిలిన నాలుగు ఎవరితో కలిసి మెలిగేదీ. చిక్కు ఏమిటంటే, ఒక వైపు ఎక్కువైతే రెండో వైపు తగ్గినట్టే లెక్క. రెండు సంస్కృతుల్లోనూ ఇమిడిపోయిన మనిషి మధ్యలో పడి 'సగం సగం'లా కనిపిస్తాడు. 1996 నాటి 24 ప్రశ్నల కొలమానం స్పానిష్ వైపు 12, ఇంగ్లిష్ వైపు 12 విడివిడిగా కొలుస్తుంది. మాకు ఇదే నచ్చుతుంది. అయితే రెండూ భాషకే పెద్దపీట వేస్తాయి. మీరు కొలిచింది భాష అయితే పేపర్లో భాష అనే రాయండి, 'సంస్కృతి' అని కాదు. మీడియా ప్రశ్నలు ఫోన్ల కాలానికి ముందువి, వాటిని మార్చుకోక తప్పదు.

'ఫమిలిస్మో', 'సింపతియా' లాంటి విలువలతో ఫలితాలను వివరించవచ్చా?

కొలిచి ఉంటే వివరించండి. కుటుంబానికి కట్టుబడి ఉండటం ఫమిలిస్మో, ఎదుటివారిని నొప్పించకుండా మసలుకోవడం సింపతియా, పెద్దల పట్ల మన్నన రెస్పేతో. కొలవకుండా 'వాళ్లు కుటుంబానికి విలువిస్తారు కాబట్టి' అని చర్చలో రాయడం సోమరితనం. రోగి డాక్టరును ప్రశ్న అడగలేదంటే రెస్పేతో కావచ్చు. దుబాసీ లేకపోవచ్చు, బీమా లేకపోవచ్చు, పని నుంచి గంట సెలవు మాత్రమే దొరికి ఉండవచ్చు.

ఐదు మార్కుల స్కేలు సరిపోతుందా?

హుయి, ట్రయాండిస్ అనే పరిశోధకులు 1989లో అమెరికా నౌకాదళంలో పోల్చి చూశారు. 5 మార్కుల స్కేలు మీద హిస్పానిక్ జవాబుదారులు రెండు చివరలనూ ఎక్కువగా ఎంచుకున్నారు. 10 మార్కుల స్కేలు ఇస్తే ఆ తేడా చాలావరకు పోయింది. 'అవును' అనే మొగ్గు కూడా ఉంటుంది కాబట్టి కొన్ని వాక్యాలను తిరగేసి అడగండి.

ఇంటిపేర్ల జాబితాతో నమూనా తీయవచ్చా?

2010లో అమెరికాలో ఎక్కువమందికి ఉన్న పది ఇంటిపేర్లలో గార్సియా, రోడ్రిగెజ్, మార్టినెజ్ ఉన్నాయి కాబట్టి ఆశ పుడుతుంది. కానీ 1849లో స్పానిష్ గవర్నర్ ఆదేశంతో ఫిలిప్పీన్స్‌లో స్పానిష్ ఇంటిపేర్లు పంచారు. అందుకే కాలిఫోర్నియాలో ఈ జాబితా పట్టుకుంటే ఫిలిపినోలు వచ్చి పడతారు. పెళ్లయి ఇంటిపేరు మారిన లాటినాలు జారిపోతారు. జాబితాను వెతకడానికి వాడండి, తేల్చడానికి మాత్రం మనిషినే అడగండి. డేటాబేస్‌లో తండ్రి ఇంటిపేరు, తల్లి ఇంటిపేరు రెండిటికీ చోటుండాలి. లేకపోతే ఒకే మనిషి రెండు పేర్లతో రెండుసార్లు నమోదవుతాడు.

గ్వాటెమాలా నుంచి వచ్చినవాళ్లకు స్పానిష్ ఫారం ఇస్తే చాలుగా?

అందరికీ చాలదు. గ్వాటెమాలావాళ్లలో కొందరికి మొదటి భాష మామ్, కిచె. మెక్సికోలోని వహాకా నుంచి వచ్చినవాళ్లలో కొందరికి మిస్టెక్, జపోటెక్. ముందు 'ఇంట్లో ఏ భాష మాట్లాడతారు?' అని అడగండి. వీటిని 'దియలెక్తో', అంటే యాస, అని పిలవడం చులకనగా ధ్వనిస్తుంది. ఇవి వేరే భాషలు.

పిల్లలు దుబాసీగా ఉంటే ఇంటర్వ్యూ చేయవచ్చా?

వద్దు. పిల్లలు ఇంట్లోవాళ్లకు బ్యాంకులో, బడిలో మాట అందించడం మీద మార్జొరీ ఒరెల్లానా, వికీ కాట్జ్ లాంటివాళ్ల మంచి పరిశోధన ఉంది, అది మీ పరిశోధనాంశమే కావచ్చు. కానీ మీ ఇంటర్వ్యూకు వాళ్లను దుబాసీ చేస్తే తల్లి కొన్ని మాటలు మింగేస్తుంది, పిల్ల కొన్ని తేలిక చేస్తుంది.

సమ్మతి పత్రం మీద సంతకం, వలస స్థితి?

వలస స్థితిని అడగకండి. పరిశోధనకు అది తప్పనిసరి కాకపోతే మీ దగ్గర ఆ సమాచారమే ఉండకూడదు. సంతకం చేసిన కాగితం ఒక్కటే మనిషిని బయటపెట్టే ఆధారమై, బయటపడటమే అసలు ముప్పు అయితే, నోటి సమ్మతి చాలునని నైతిక సమీక్ష మండలిని కోరడానికి ఫెడరల్ నిబంధనల్లో వీలుంది. దరఖాస్తులో ఆ సెక్షన్ పేర్కొనండి: 45 సీఎఫ్ఆర్ 46.117(సి). ప్యూర్టోరికన్లు 1917 నుంచి అమెరికా పౌరులు. వాళ్లను 'వలసదారులు' అనే వర్గంలో వేయకండి.

అమెరికాలోని తెలుగువాళ్ల మీద అధ్యయనానికి ఇవి పనికొస్తాయా?

కొంతవరకు. జనగణనలో తెలుగువాళ్లకు గడి లేదు, 'ఏషియన్ ఇండియన్'లో కలిసిపోతారు. తెలుగు కనిపించేది అమెరికన్ కమ్యూనిటీ సర్వేలో ఇంట్లో మాట్లాడే భాష ప్రశ్న దగ్గరే, అదీ ఐదేళ్లు నిండినవాళ్లకు. కాబట్టి ఇంట్లో ఇంగ్లిషే మాట్లాడే రెండో తరం పిల్లవాడు ఆ లెక్కలో తెలుగువాడు కాడు, వాళ్ల నాన్నమ్మ అవుతుంది. నమూనాకు ఆ అంకెను ఆధారం చేసుకుంటే, 'మీ కుటుంబ భాష ఏది?', 'మీరు ఇంట్లో ఏది మాట్లాడతారు?' అని రెండు ప్రశ్నలు మీ ఫారంలో విడివిడిగా పెట్టుకోండి.